షుల్జు దొరగారును లాటిను మాటయు



జర్మనీ దేశస్థులైన బెంజమిన్ షుల్జు దొరగారు 1719లో తరంగంబాడికి వచ్చిరి. పిమ్మట చెన్నపట్టణములో సేవ చేయుచు, 1728లో తెలుగు వ్యాకరణమును లాటినులో వ్రాసిరి. నాటి ఐరోపా పండితుల భాష అదియే. పరిశుద్ధ గ్రంథమునైతే మనకు బోధపడవలెనని 1732 నాటికి తెలుగులోనికి తర్జుమా చేసిరి. ఆ వ్రాతప్రతి అచ్చు కాలేదు. 1743లో స్వదేశమునకు మరలి, 1760లో హాలే పట్టణమున ప్రభువునందు నిద్రించిరి.

లాటిను నేటికిని మనయొద్ద నున్నది: బస్సు పలకపై వయా, పంచాయతీ సభలో కోరం, పొలము తగాదాలో అఫిడవిట్. ఈ కడపటి మాటకు ప్రమాణముచేసి చెప్పెనని అర్థము. సంఘస్థుల కాగితములు చదివిపెట్టుచు మేము చూచుచున్నాము: అది తెలియకయే కొందరు వ్రేలిముద్ర వేయుదురు. మాట పరాయిదైనను ప్రమాణము దేవుని యెదుటనే. ముందు చదివించుకొని, సత్యమునకే చేవ్రాలు చేయుదము. మత్తయి 5:37 ధ్యానించుడి.