గిండీలో ఒక్కతే ఆడపిల్ల

పోయిన ఎండాకాలం మా అక్క కూతురు ఏడు నెలల పాపను భుజాన వేసుకుని జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. పులివెందులలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతుండగా మంచి సంబంధమని పెళ్ళి చేశారు. చదువు అక్కడితో ఆగింది. పెళ్ళయి రెండేళ్ళు తిరక్కుండానే, పాప ఇంకా నాన్నను గుర్తుపట్టకముందే, అతను పోయాడు.

ఇంట్లో ఆ పిల్ల గురించి తలా ఒక మాట. మా బావ బంగారం అంగట్లో లెక్కలు రాసే పని చూస్తానంటాడు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళకు కొదవేముంది! మా అక్కేమో నాలుగు చీరల మూటలు తెచ్చిస్తాను, ఇంట్లో కూర్చునే అమ్ముకోమంటుంది. పిల్ల మాత్రం తల వంచుకుని ఒకటే మాట, ఆగిపోయిన ఇంజనీరింగే పూర్తి చేస్తానని. మరి పాపను ఎవరు చూస్తారన్న దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్ళూ మూతపడతాయి.

ఆ రాత్రి మిద్దె మీద పడకలు వేసుకున్నాక నేను వాళ్ళకు లలిత గారి సంగతి చెప్పాను. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కథలు చెప్పడం నాకంత చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీకూ అట్లాగే చెబుతాను.

అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి ఆడపడుచే. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లలకేమో అక్షరాలు, కొంత చదువు, ఆపైన పెళ్ళి. అంత చదువుకున్న ఇంట్లోనూ అంతే! లలితకు 1934లో పెళ్ళి చేశారు, అప్పటికి ఆవిడకు పదిహేనేళ్ళు. ఒక మేలు ఏమిటంటే, పెళ్ళయినా పదో తరగతి దాకా చదువు సాగనిచ్చారు. 1937లో పాప పుట్టింది. శ్యామల అని పేరు పెట్టారు. ఆ పాపకు నాలుగు నెలలప్పుడు భర్త చనిపోయారు.

పద్దెనిమిదేళ్ళు, చంకలో బిడ్డ, నుదుట బొట్టు లేదు. ఆ కాలంలో అలాంటి ఇళ్ళల్లో విధవరాలి బతుకు ఎట్లుండేదో మన అవ్వలను అడిగితే చెబుతారు. జుట్టు తీయించి, ఒంటిపూట తిండి పెట్టి, శుభకార్యం జరిగితే వెనక గదిలోకి పంపేవాళ్ళు. లలిత గారు ఆ గదిలోకి పోలేదు. పుట్టింటికి వచ్చి, మళ్ళీ పుస్తకం పట్టుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియెట్ చేరి మొదటి తరగతిలో ప్యాసయ్యారు.

అప్పటికే ఆడవాళ్ళు డాక్టర్లవుతున్నారు. ఆవిడనూ ఆ దారిలోనే పొమ్మని ఉంటే ఎవరూ ముక్కున వేలేసుకునేవాళ్ళు కాదు. కానీ ఆవిడ లెక్క వేరే. డాక్టరంటే నడిరాత్రి తలుపు తట్టినా బిడ్డను వదిలి పరుగెత్తాలి. అదే తండ్రిలాగా, అన్నల్లాగా ఇంజనీరయితే పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. చూశారా, దేశంలోనే తొలి తరం మహిళా ఇంజనీరు కావడానికి కారణం పెద్ద ఆశయమూ కాదు, ఆవేశమూ కాదు. బిడ్డ నిద్రలేచే వేళకు తల్లి ఇంట్లో ఉండాలన్న ఆలోచన. ఈ మాట దగ్గర మా అక్క పక్క మీద లేచి కూర్చుంది.

అప్పుడు మన కడప జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది 1946లో. అంతకు ముందు మన సీమలో మగపిల్లవాడు ఇంజనీరు కావాలన్నా గిండీకే పోవాలి. 1794లో సర్వే బడిగా మొదలైన ఆ కాలేజీలో అంతవరకు ఆడపిల్ల అడుగుపెట్టింది లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరు స్టేథమ్ దొర దాకా విషయం వెళ్ళింది. ఇద్దరూ సరేనన్నారు. 1940లో లలిత గారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు.

ఇక్కడ నాకొక అనుమానం ఉంది, దాచుకోను. తండ్రి ఆ కాలేజీలోనే ప్రొఫెసరు కాకపోయి ఉంటే ఆ తలుపు తెరుచుకునేదా? నాకు నమ్మకం లేదు. అట్లని ఆవిడ గొప్పతనం ఇసుమంత కూడా తగ్గదనుకోండి. తలుపు తీయించింది తండ్రే గానీ, లోపల నాలుగు గోడల మధ్య పరీక్షలు రాసింది ఆవిడే కదా.

వందల మంది మగపిల్లల నడుమ ఒక్కతే ఆడపిల్ల. క్లాసులో ఆవిడకు ఏ ఇబ్బందీ లేదట. ఇబ్బందల్లా హాస్టల్లో, సాయంత్రం పూట. మాట్లాడటానికి మనిషి లేదు. పాప ఊళ్ళోనే బంధువుల ఇంట్లో ఉండేది, వారానికొకసారి వెళ్ళి చూసుకుని రావడమే. ఆ ఒంటరితనం చూసి తండ్రి ఇంకా ఆడపిల్లలను చేర్చుకునేలా కాలేజీ వాళ్ళతో ప్రకటన ఇప్పించారు. మరుసటి ఏడు సివిల్ ఇంజనీరింగ్‌లో ఇద్దరు కేరళ అమ్మాయిలు చేరారు, లీలమ్మ జార్జ్, పి.కె. త్రేస్య. ఆ త్రేస్య గారే తర్వాత 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. ఇళ్ళ నమూనాలు గీసే విద్యలో బొంబాయి పార్సీ అమ్మాయి పెరిన్ మిస్త్రీ 1936లోనే ఆర్కిటెక్టు డిప్లొమా తీసుకున్నారు. అట్లా అక్కడొకరు, ఇక్కడొకరు.

యుద్ధం రోజులు కావడంతో కోర్సు కొన్ని నెలలు కుదించారు. దాంతో ముగ్గురమ్మాయిలూ ఒకేసారి బయటికి వచ్చారు. లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది పని నేర్చుకుని పట్టా అందుకున్నారు. ఆ పట్టా మీద అచ్చులో అతడు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటే ఉంది. ఆడమనిషి పట్టా తీసుకుంటుందని అచ్చేసినవాళ్ళు అనుకోలేదు మరి. దాన్ని సిరాతో కొట్టేసి, పైన ఆమె అని చేత్తో రాసి ఇచ్చారు. ఇది చెప్పగానే మా పిల్ల చీకట్లో నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ పిల్ల నవ్వు వినడం అదే.

తర్వాత సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా రెండేళ్ళు. అక్కడ అన్న కుటుంబంతో ఉన్నారు. ఆపైన మద్రాసు వచ్చి తండ్రి పరిశోధనల్లో చేయి వేశారు. సుబ్బారావు గారు ఊరికే కూర్చునే మనిషి కారు. కరెంటుతో మోగే జెలెక్ట్రోమోనియం అనే వాద్యం, పొగ రాని పొయ్యి, ఇట్లాంటివి తయారుచేస్తుండేవారు. పొగ రాని పొయ్యి సంగతి మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! అయితే పరిశోధనతో ఇల్లు గడవదు. పాప పెద్దదవుతోంది, చదువు చెప్పించాలి. తొమ్మిది నెలలకే ఆ పని వదిలి, 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీలో చేరారు. అక్కడా ఒక అన్న ఇల్లే ఆసరా అయింది.

ఆవిడ చేసిన పని ఏమిటో కొంచెం చెప్పాలి. బిరుదులు మాత్రం చెప్పి వదిలేస్తే సన్మాన పత్రంలా ఉంటుంది. కరెంటు పుట్టే చోటు ఒకటి, వాడే చోటు ఇంకొకటి. మన ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీనే తీసుకోండి. అక్కడ పుట్టిన కరెంటును అట్లాగే తీగల్లో పంపితే దారిలోనే వేడిగా మారి చాలా భాగం వృథా అవుతుంది. తీగలో పారే కరెంటు రెట్టింపయితే నష్టం నాలుగింతలవుతుంది. అందుకని ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజీని లక్షల్లోకి పెంచుతారు, అప్పుడు తీగలో పారే కరెంటు తగ్గుతుంది. ఊరు చేరాక మళ్ళీ దించుతారు. ఆ దించే చోటే సబ్‌స్టేషను. ఎక్కడో పిడుగు పడినా, తీగ తెగినా, మన ఇంట్లో ఫ్యూజు పోయినట్టు, కన్ను మూసి తెరిచేలోగా ఆ ముక్క వరకు కరెంటు ఆగిపోవాలి. లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. పెద్ద లైన్లు ఎట్లా పోవాలి, సబ్‌స్టేషన్లో ఏది ఎక్కడ ఉండాలి, ఆ రక్షణ పరికరాలు ఎట్లా పనిచేయాలి, ఇవన్నీ కాగితం మీద తేల్చేది లలిత గారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్తు పనుల్లోనూ ఆవిడ చేయి ఉంది. 226 మీటర్ల ఎత్తు ఆనకట్ట అది. 1963లో నెహ్రూ గారు జాతికి అంకితం చేసినప్పుడు ఫొటోల్లో ఎవరెవరో ఉంటారు. బల్ల ముందు కూర్చుని లెక్కలు కట్టినవాళ్ళు ఫొటోల్లో ఉండరు.

కంపెనీ తర్వాత ఇంకొక పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది, ఆవిడ పని మాత్రం సాగింది. 1953లో లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో అసోసియేట్ సభ్యత్వం, 1966లో పూర్తి సభ్యత్వం వచ్చాయి. వీటి మధ్యన 1964 జూన్‌లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. ముప్పై పైచిలుకు దేశాల ఆడవాళ్ళు వచ్చారు. మన దేశంలో అప్పటికి మహిళా ఇంజనీర్లకంటూ ఒక సంఘం లేదు. అందుకని లలిత గారు సొంత హోదాలో వెళ్ళారు. తిరిగొచ్చాక పత్రికల వాళ్ళు ఇంటర్వ్యూలు తీసుకున్నారు. 1967లో కేంబ్రిడ్జిలో జరిగిన రెండో సమావేశానికి భారతదేశం తరఫున పనులు చూసిందీ ఆవిడే.

మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. శ్యామల చదువుకుని శాస్త్రవేత్త అయింది, లెక్కల టీచరయింది, అమెరికాలో స్థిరపడింది. లెక్కల టీచరు అన్నచోట నేను కొంచెం గొంతు పెంచానని మా అక్క తర్వాత దెప్పింది లెండి. 1977లో లలిత గారు ఉద్యోగ విరమణ చేశారు. రెండేళ్ళకే, 1979లో, మెదడులో రక్తనాళం చిట్లి కన్నుమూశారు. అరవై ఏళ్ళు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే బాగుండేదేమో. కానీ ఈ కథలో ఇంకో మనిషి ఉంది. ఇంకో మనుషులు అనాలేమో. మద్రాసులో, సిమ్లాలో, కలకత్తాలో లలిత గారు డ్యూటీకి పోయినప్పుడు ఆ పాపకు జడ వేసి, అన్నం పెట్టి, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది ఎవరు? ఆ వదినలు, ఆ ఇంటి ఆడవాళ్ళు. తమ పిల్లలతో పాటు ఇంకొక పిల్లను పెంచారు. న్యూయార్కు సభకు వాళ్ళనెవరూ పిలవలేదు. నాకైతే వాళ్ళకు కూడా ఒక పట్టా ఇచ్చి, దాని మీద కూడా చేత్తో ఆమె అని రాయాలనిపిస్తుంది.

నేను మా వాళ్ళతో అన్నదీ అదే. పాపను నేను చూస్తాను. రిటైరయి ఇంట్లోనే ఉన్నాను, మోకాళ్ళ నొప్పులున్నా చేతులు బాగానే ఉన్నాయి. మా ఆయన మిద్దె మెట్ల మీద నిలబడి అంతా విన్నారు, ఏమీ అనలేదు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకోలు కిందే లెక్క వేస్తాం. మా అక్క రాత్రంతా ఏడ్చింది. మా బావ తెల్లారి తొలి బస్సుకే జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాతో మాటల్లేవు. ఊరు ఏమంటుందోనని ఆయన బాధ. తప్పు పట్టను. ఒక్కగానొక్క కూతురు.

మన పక్కనే ఇన్ని వసతులు వచ్చాయి కదా. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ 2006లోనే వచ్చింది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, లలిత కళలకని ఏకంగా ఒక విశ్వవిద్యాలయమే పెట్టారు. గిండీలో ఒక్క సీటు కోసం ఒక తండ్రి ఇద్దరు పెద్దమనుషుల గడప ఎక్కి దిగాల్సి వచ్చింది. ఇప్పుడు సీటుకు కొరత లేదు. సీట్లో కూర్చున్న పిల్ల ఇంట్లో పాపకు మనిషి కొరత.

మధ్యలో మానేసిన చదువు కలపడం అనుకున్నంత సులువు కాలేదు. పాత సిలబస్సు మారింది, కొన్ని సబ్జెక్టులు అదనంగా రాయాలన్నారు. కాగితాల కోసం పులివెందులకు, అక్కడి నుంచి అనంతపురానికి మా పిల్ల ఆరుసార్లు తిరిగింది. నేనూ ఒకసారి తోడు వెళ్ళాను. ముద్దనూరు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి టవర్లు చూపించి, తీగను పట్టుకుని వేలాడే ఆ పింగాణీ బిళ్ళలు లెక్కపెట్టమంది. తొమ్మిదో పదో ఉంటే లక్షా ముప్పై రెండు వేల వోల్టుల లైనట, పదమూడు పద్నాలుగు ఉంటే రెండు లక్షల ఇరవై వేలదట. ఇన్నేళ్ళు ఆ దారిన తిరిగాను, వాటిని లెక్కపెట్టొచ్చని నాకు తోచనే లేదు. లెక్కల టీచర్ని నేను!

ఈ నెలలో క్లాసులు మొదలయ్యాయి. పొద్దున ఆరున్నరకు వెళితే సాయంత్రం ఏడవుతుంది రావడానికి. పోయిన ఆదివారం మా అక్క వచ్చి, ఏమీ మాట్లాడకుండా పాపకు నాలుగు గౌన్లు, ఒక డబ్బా రాగిపిండి పెట్టి వెళ్ళింది. ఇది రాస్తుండగానే పాప రెండుసార్లు లేచింది. ఇప్పుడు మూడోసారి. రాగిజావ కాయాలి.