జాన్ మోజెస్ బ్రౌనింగ్

జాన్ మోజెస్ బ్రౌనింగ్ (జనవరి 23, 1855 - నవంబరు 26, 1926) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ తుపాకుల రూపకర్త. నేటి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళలో అధికభాగం ఈయన రూపొందించిన పద్ధతినే అనుసరిస్తున్నాయి.

తొలి జీవితం

బ్రౌనింగ్ యూటా ప్రాంతంలోని ఆగ్డెన్‌లో జన్మించాడు. తండ్రి జొనాథన్ తుపాకులు తయారుచేసేవాడు, మరమ్మత్తు కూడా చేసేవాడు. ఆ దుకాణంలోనే పని నేర్చుకొని, 1879లో ఒక రైఫిల్‌కు తొలి పేటెంటు పొందాడు. 1883లో దాని హక్కులను వించెస్టర్ సంస్థ కొనుగోలు చేసింది.

పిస్టల్ రూపకల్పన

ఈయన రూపొందించిన 1900 నాటి కోల్ట్ పిస్టల్‌లో వెనుక సైటును కిందికి నొక్కితే అదే సేఫ్టీగా పనిచేసేది. తరువాత ఈ ఏర్పాటును తొలగించి సైటును స్థిరంగా అమర్చారు. సైట్లు స్లైడుపై ఉంటాయి, గొట్టం మాత్రం కాల్చిన ప్రతిసారీ కదులుతుంది. అది తిరిగి సరిగ్గా అదే స్థానంలో కుదురుకోకపోతే గురి తప్పుతుంది. గొట్టాన్ని ఫ్రేముతో కలిపే రెండు లింకులకు బదులు బ్రౌనింగ్ వెనుకవైపు ఒకే లింకు ఉంచి, ముందు కొనను బుషింగ్‌తో నిలిపాడు.

1911 మార్చిలో సైన్యం జరిపిన పరీక్షలో ఈ పిస్టల్‌తో 6,000 తూటాలు కాల్చారు. వేడెక్కినప్పుడు నీటిలో ముంచి చల్లార్చారు. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. మార్చి 29న ఆమోదం పొందిన ఈ ఎం1911, 1985 వరకు అమెరికా సైన్యపు ప్రామాణిక పిస్టల్‌గా కొనసాగింది.

మరణం

1926లో బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారంలో పనిచేస్తుండగా గుండె ఆగి మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన పిస్టల్‌ను డ్యుడొన్నే సైవ్ పూర్తిచేయగా, 1935లో అది హై-పవర్ పేరుతో వెలువడింది. భారత సైన్యం, పోలీసులు వాడే ఇషాపూర్ 9 ఎం.ఎం. పిస్టల్‌కు ఇదే మూలం.