వ్యాయామ గురువు కోడి రామమూర్తి

ఓరుగంటి సీమలో ఒకప్పుడు దేహసాధనకు శాస్త్రగౌరవం ఉండేదనడానికి పాలంపేట రామప్ప గుడి ఒక్కటి చాలు. 1213లో వెలసిన ఆ ఆలయపు శిలలమీద మద్దెలగాండ్ర నడుమ అడుగులు వేస్తున్న పేరిణి నర్తకుల పిక్కలను, తొడలను, బిగిసిన నడుమును పరికించినవారికి, అవి ఏళ్ల తరబడి సాము చేసిన దేహాలని వేరుగా చెప్పనక్కరలేదు. గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 13వ శతాబ్ది నడుమ రచించిన నృత్తరత్నావళిలో ఆ పేరిణికి లక్షణం చెప్పాడు. ఏనుగుల దళాన్ని నడిపిన సేనాపతి, మనిషి దేహం ఎలా కదలాలో గ్రంథం వ్రాశాడన్నమాట. కాలక్రమాన దేహాన్ని గురించి ఆలోచించడం పండితుల పని కాకపోయింది. అది తెలంగాణలో తాలింఖానాల వస్తాదుల పాలయింది. కోస్తాలో గరిడీల గురువుల పాలయింది. ఆ విద్యకు మళ్లీ దేశమంతటా పేరు తెచ్చిన తెలుగువాడు ఓరుగల్లుకు చాలా దూరాన, ఉత్తరాంధ్రలో జన్మించారు. ఆయనే కోడి రామమూర్తి నాయుడు.

ఆయన పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఏనుగు. వెల్లకిల పడుకొన్న మనిషి, రొమ్ముమీద పలక, పలకమీద ఏనుగు. ఈ ఒక్క బొమ్మ ఆయన జీవితాన్నంతటినీ కప్పివేసింది. ఆ ఏనుగు చాటున ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడని, గుడారాలు వేసి ఊరూరా తిరగడానికి ముందు ఆయన బడిపిల్లలకు వ్యాయామం నేర్పి నెలజీతం పుచ్చుకొన్నవాడని ఎందరికి తెలుసు? పురాణ పురుషునిగా చేసి పూజించడం మనకు సులభం. గురువుగా అంగీకరిస్తే మరునాడు తెల్లవారుజామున లేచి ఆయన చెప్పినట్లు బస్కీలు తీయవలసి వస్తుంది!

రామమూర్తి జన్మస్థలం వీరఘట్టం. జన్మ సంవత్సరం 1882గా ప్రసిద్ధం. ఆ ఊరు 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాడే గతించింది. తల్లి లేని పిల్లవాడు చదువుమీద మనసు పెట్టక తిరుగుతున్నాడని తండ్రి అతనిని విజయనగరంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న బంధువు నారాయణస్వామిగారి ఇంటికి పంపారు. చదువుకై పంపిన ఆ పట్టణమే అతనికి వ్యాయామశాలను చూపింది.

ఆనాటి విజయనగరం సామాన్యమైన పట్టణం కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో అక్కడే రంగమెక్కింది. ఆదిభట్ల నారాయణదాసుగారి గజ్జెల మ్రోత అక్కడే వినిపించింది. ఆ పట్టణపు నాటకాన్ని గురించి, హరికథను గురించి, వీణను గురించి మన సాహిత్యకారులు ఎంతో వ్రాశారు. అదే పట్టణపు గోదాలో ఒళ్లు మట్టి చేసుకొన్నవారిని గురించి మాత్రం వ్రాసినవారు అరుదు. చెమటకు సాహిత్య ప్రతిపత్తి లేదని కాబోలు.

గరిడీ చదువు వరుస ఎక్కడైనా ఇంచుమించు ఒక్కటే. మొదట దండీలు, బస్కీలు. దండీ తీసేటప్పుడు రొమ్ము, భుజాలు, చేతులు, నడుము ఏకకాలంలో పనిచేస్తాయి. బస్కీలో తొడలు, పిక్కలు, వెన్ను. సాధకుని శరీరమే ఇక్కడ బరువు. వేరే పరికరంతో పని లేదు. ఇవి వందల లెక్కకు చేరిన తరువాత కొయ్యగదలు త్రిప్పడం, ఆపైన సంగిడి రాళ్లు ఎత్తడం, చివరకు గోదాలో పట్టు. సంగిడి రాయి ఉత్తరాంధ్ర పల్లెలకు కొత్త వస్తువు కాదు. గుడిముందో, రచ్చబండ దగ్గరో గుండ్రని రాయి పడి ఉంటుంది. ఏడాదికేడాది ఊరి యువకులు దానితో తమ బలం చూసుకొంటారు. ఈ ఏడు మోకాలిదాకా వచ్చిన రాయి వచ్చే ఏటికి రొమ్ముదాకా, ఆ పై ఏటికి భుజంమీదికి రావాలి. సాధన అంటే అంతే.

ఈ చిన్న సూత్రంలోనే బలసాధన రహస్యమంతా ఇమిడి ఉన్నది. రోజుకొక దూడను మోస్తూ పోయి, అది ఎద్దయ్యేనాటికి ఎద్దునే మోసిన మైలో కథ గ్రీకులు చెప్పుకొనేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల అవయవాలకు తిరిగి సత్తువ కల్పించడానికి పూనుకొన్న అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్ 1945లో దీనినే వైద్యశాస్త్రంగా ప్రకటించాడు. రోగి వరుసగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో కనుగొనాలి. అందులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు ఎత్తించాలి. బలం పెరిగేకొద్దీ బరువు పెంచుకొంటూ పోవాలి. 1948 నాటికి ఆయన స్థిరపరచిన పద్ధతి ఇది. కండ తనకు అలవాటైన పనికి మించిన పని పడినప్పుడే పెరుగుతుంది. ఆ పెరుగుదల కూడా పని చేసేటప్పుడు కాక, తరువాతి విశ్రాంతిలో, తిన్న తిండిని ఆధారం చేసుకొని జరుగుతుంది. తొలి వారాలలో కనిపించే బలం కండది కూడా కాదు, నరాలు నేర్చుకొన్న నేర్పు. గరిడీ గురువుకు ఈ మాటలు తెలియవు. పని మాత్రం తెలుసు.

విజయనగరంలో కొన్నేళ్ల సాధనతో రామమూర్తి ఒడ్డూ పొడుగూ గల యువకుడైనారు. ఇరవై ఏళ్లు దాటేసరికి టన్నున్నర బరువును రొమ్ముపై నిలిపేవారని ప్రతీతి. ఇక్కడ ఆయన చేసిన పని గమనించదగినది. ఆ బలంతో నేరుగా ప్రదర్శనలకు దిగక, ఆయన మద్రాసు వెళ్లారు. సైదాపేట కళాశాలలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షకునిగా తరిఫీదు పొంది, యోగ్యతాపత్రం తీసుకొని, తాను చదివిన విజయనగరం హైస్కూలులోనే వ్యాయామోపాధ్యాయునిగా చేరారు. గరిడీ పద్ధతి ఒంటబట్టిన మనిషి ఆనాటి పాఠశాలల డ్రిల్లును, డంబెల్స్ వ్యాయామాన్ని కూడా నేర్చారన్నమాట. రెండింటినీ దేహంతో ఎరిగినవారు కనుకనే, తరువాత స్వదేశీ పద్ధతిని పొగిడినప్పుడు ఆయన మాటకు విలువ వచ్చింది.

ఆ దినాలలో లోకమంతా యూజెన్ సాండో నామస్మరణ చేస్తున్నది. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఆ బలశాలి 1901లో రాయల్ ఆల్బర్ట్ హాలులో దేహసౌష్ఠవపు పోటీ నడిపి, 1904-05లలో భారతదేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. స్ప్రింగు బిగించిన డంబెల్స్ ఆయన పేరిట అమ్ముడుపోయేవి. అదే సమయాన వంగదేశం రెండుగా చీలింది, స్వదేశీ ఉద్యమం లేచింది. భారతీయులు, విశేషించి చదువుకొన్న భారతీయులు, బలహీనులన్న పాలకుల ఎత్తిపొడుపు యువకుల గుండెల్లో ముల్లయి గుచ్చుకొంటున్నది. అటువంటి వేళ, శాకాహారి అయిన ఒక తెలుగు బడిపంతులు దండీలు, బస్కీలు, ప్రాణాయామం తప్ప వేరే మందు లేదంటూ సర్కసు డేరా వేసి నిలబడ్డారు. మిత్రుడు పొట్టి పంతులు ఆయనకు తోడు నిలిచారు. జనం ఆయనను ఇండియన్ సాండో అన్నారు. ఈ బిరుదు ఆయనకు గౌరవమో, కాదో చెప్పడం కష్టం. మనవానిని మెచ్చుకోవడానికి కూడా మనకు అప్పట్లో పరాయివాని కొలబద్దే కావలసి వచ్చింది. కలియుగ భీముడు అన్న పేరు ఇంతకంటె సొంతంగా ఉన్నది.

ప్రదర్శనల సంగతి. ఒంటికి ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి బిగించి, దానిని తెంచేవారు. రెండు మోటారు కార్లను రెండు చేతులకు కట్టించుకొని అవి చెరోవైపు లాగుతుండగా కదలనిచ్చేవారు కారు. చివరిది ఏనుగు. వీటిలో మంత్రం లేదు, మోసమూ లేదు, తెలివి ఉన్నది. పెద్ద ఏనుగు మూడు నాలుగు టన్నులు తూగుతుంది. ఆ బరువు ఒక పాదం మేర రొమ్ముమీద పడితే ఎముక నిలవదు. పలక వేయడంవల్ల అది దేహమంతటా పరచుకొంటుంది. పలక చివర నేలను తాకి ఉంటే కొంత భారం నేలకే పోతుంది. ఏనుగు నాలుగు కాళ్లూ ఒక్కసారి మీద ఉండనక్కరలేదు. కార్ల విషయంలోనూ అంతే. ఎదురెదురుగా లాగే రెండు బలాలు ఒకదానినొకటి రద్దుచేస్తాయి. మనిషి చేయవలసినది కార్లను ఓడించడం కాదు, నడుమ తెగిపోని త్రాడుగా నిలవడం. ఆనాటి ఇంజన్లు కూడా చిన్నవి. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుది 20 అశ్వశక్తులు. ఇంత చెప్పినా ఆయన ఘనత వీసమెత్తు తగ్గదు. పలక వేసినంతమాత్రాన ఎవరు పడితే వారు ఏనుగు క్రింద పడుకోగలరా? ఆ భుజాలు, ఆ పక్కటెముకల మీది కండరాలు, ఆ నిబ్బరం పలకతో వచ్చినవి కావు.

అన్నిటికంటె ముఖ్యం ఊపిరి. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, గొంతు బిగించి, పొట్ట కండరాలను గట్టిపరిస్తే రొమ్ము గాలి నింపిన తిత్తివలె అవుతుంది. లోపలి గాలి వెన్నును, పక్కటెముకలను లోపలినుండి ఆనుకొని నిలబెడుతుంది. ఇటలీ వైద్యుడు వాల్సాల్వా పేరిట వైద్యులు చెప్పే ప్రక్రియ ఇదే. నేటి బరువులెత్తే క్రీడాకారులందరూ దీనిని వాడుతారు. రామమూర్తి దీనిని ప్రాణాయామంగా సాధించారు. ఆయనను చూసి ఊపిరి బిగబట్టాలనుకొనేవారు ఒకటి గ్రహించాలి. ఆ క్షణాన రక్తపుపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారికి అది ప్రమాదం; వారు బరువెత్తేటప్పుడు ఊపిరి వదులుతూ ఎత్తడమే మేలు.

డేరా ఉత్తరదేశానికి సాగింది. వంగదేశంలో ఆయన ప్రభావం ఎంతటిదో చెప్పడానికి భీమభవాని కథ చాలు. భవేంద్రమోహన సాహా అనే ఆ బెంగాలీ యువకుడు రామమూర్తి సర్కసులో చేరి శిష్యుడై, రంగూను, సింగపూరు, జావాలు తిరిగి, తరువాత తానే రొమ్ముమీద ఏనుగును నిలిపి వంగదేశపు భీముడయ్యాడు. ఆయన నేర్పు ఒక శిష్యుని చేతిలో మళ్లీ పలికింది. గురువుకు ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఉండదు.

ఆయన చుట్టూ కథలకు కొదువ లేదు. వైస్రాయి మింటో ప్రభువు తన కారును నడిపి ఆయనను లాగలేకపోయాడని ఒకటి; లండన్‌లో ఐదవ జార్జి దంపతులు ఇండియన్ హెర్క్యులిస్ అని బిరుదిచ్చారని ఒకటి; స్పెయిన్‌లో మదించిన ఎద్దు కొమ్ములు పట్టి నేల కరపించారని మరొకటి. సాండో ఆయన పందానికి జంకి తప్పుకొన్నాడని కూడా చెబుతారు. ఈ చివరిదాని అవసరం ఏమిటో తెలియదు. సాండోను పిరికివానిని చేస్తే గాని మన రామమూర్తి పెద్దవాడు కాడా? మల్లయుద్ధంలో ఇంగ్లండుకు భారతీయుల సత్తా చూపిన ఘనత 1910లో లండన్ వెళ్లిన గామాది. రామమూర్తి పని వేరు. ఆయన ఎవరినీ పడగొట్టకుండానే వేలాది సామాన్యులచేత వ్యాయామశాలల తలుపులు తట్టించారు.

సర్కసు ధనం కుమ్మరించింది. వచ్చినది వచ్చినట్లే దానధర్మాలకు, జాతీయోద్యమానికి పోయిందంటారు. పిమ్మట కాలిమీద పుండు లేచింది. అది ముదిరి చివరకు కాలే తీసివేయవలసి వచ్చింది. కార్లను ఆపిన కాలు! మత్తుమందు పుచ్చుకోక, శ్వాసను నిగ్రహించి కోత భరించారని ఆయనను ప్రేమించినవారు చెప్పుకొంటారు. కాలు పోయిన తరువాత గుడారం నిలవలేదు, సంపద నిలవలేదు. చరమదశలో ఒరిస్సాలోని పట్నా సంస్థానపు రాజధాని బలాంగీరులో ఆశ్రయం దొరికింది. 1942 జనవరి 16న, సంక్రాంతి పండుగ రోజులలోనే, అక్కడే కన్నుమూశారు.

విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం నిలిచింది. శ్రీకాకుళంలోని క్రీడాస్థలం ఆయన పేరిట వెలసింది. ఆ జిల్లాలోనే, ఊసవానిపేటలో, కరణం మల్లేశ్వరి బరువులెత్తడం నేర్చుకొన్నారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో ఆమె మొదట 110 కిలోలు, తరువాత 130 కిలోలు, మొత్తం 240 కిలోలు తలపైకెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయినారు.