నీటి నంటని నావ: సర్ క్రిస్టఫర్ కాకరెల్

కృష్ణా గోదావరుల నడిమి పల్లమున పరచుకొనియున్న కొల్లేటి సీమకు వానకాలము పరీక్షాకాలము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీరంతయు ఈ సరస్సున చేరును. అది సముద్రమును చేరుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి చాలనినాడు నీరు వెనుకకు తన్ని లంకగ్రామములను చుట్టుముట్టును. ఏలూరును తమ్మిలేరు బెదరించును. తాడేపల్లిగూడెము ప్రాంతపు చేలను నందమూరు అక్విడక్టు కడ ఎఱ్ఱకాలువ ముంచును. అట్టివేళ బండి నడువదు. పెద్ద పడవ బురదలో కూరుకొనును. మోటారుపడవ చక్రమునకు గుఱ్ఱపుడెక్కయు నాచును చుట్టుకొనును. మోకాలిలోతు నీట కదలగలిగినది తాటిదోనె యొక్కటే. అందు ఎక్కగలవారు ఇద్దరో ముగ్గురో. నీరును గాక నేలయును గాక యున్న ఇట్టి చోట పోగల వాహన మేది? ఇట్టివే లోతులేని సరస్సుల యొడ్డున పడవలు కట్టుకొని బ్రతికిన యొక ఆంగ్లేయుడు ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనెను. ఆతడే హోవర్‌క్రాఫ్టు నిర్మాత సర్ క్రిస్టఫర్ కాకరెల్.

కాకరెల్ 1910 జూన్ 4 వ తేదీన కేంబ్రిడ్జి నగరమున జన్మించెను. తండ్రి సర్ సిడ్నీ కాకరెల్ మొదట కవియు కళాకారుడునైన విలియం మారిస్ కడ కార్యదర్శిగ నుండి, పిమ్మట ఫిట్జ్‌విలియం ప్రదర్శనశాలకు అధిపతియయ్యెను. తల్లి ఫ్లారెన్సు వ్రాతప్రతులను రంగులతో బంగారముతో అలంకరించు విద్యయందు ప్రవీణురాలు. బెర్నార్డ్ షా వంటివారితో స్నేహముగల యిల్లది. అట్టి యింట పుట్టిన పిల్లవానికి గ్రంథములకంటె యంత్రములపై మక్కువ మెండయ్యెను. తండ్రికది రుచింపలేదు. కుమారుడు తన దారి విడువక పీటర్‌హౌస్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1935 లో మార్కొని కంపెనీలో చేరెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున రేడియో తరంగములచే దిక్కును శత్రువుల జాడను కనిపెట్టు సాధనముల నిర్మాణమున ఆతడు చేసిన కృషి గణనీయమైనది.

ఉద్యోగమున పేరును జీతమును కుదురుకొనిన తరుణమున, నలుబదియేండ్ల ప్రాయమున, కాకరెల్ దానిని వదలుకొనెను. భార్య మార్గరెట్టుకు సంక్రమించిన ధనముతో దంపతులు ఒక చిన్న పడవల వ్యాపారమును కొనిరి. ఇంగ్లండు తూర్పుభాగమున నార్ఫోక్, సఫోక్ సీమలలో బ్రాడ్స్ అను సరస్సులు కలవు. మధ్యయుగములలో పొయ్యిలోనికి నల్లమట్టి త్రవ్వుకొనిన గోతులు నీట నిండి సరస్సులైనవి. లోతు తక్కువ, రెల్లు దట్టము, పక్షులు విస్తారము. కొల్లేటి నెఱిగినవారికి ఆ దృశ్యము పరాయిదిగ తోచదు. అచ్చట పడవలు కట్టుచు అద్దెకిచ్చుచు బ్రతుకు గడపుచుండగా కాకరెల్‌ను ఒక్క చింత పట్టుకొనెను. పడవ యంత్రబలములో పెక్కు భాగము నీటి రాపిడిని గెలుచుటకే వ్యయమగుచున్నది. నీటికిని పడవకును నడుమ గాలిపొర నొకదానిని నిలుపగలిగినచో?

ఈ ఊహ సర్వథా క్రొత్తది కాదు. పంతొమ్మిదవ శతాబ్దమున జాన్ థార్నీక్రాఫ్ట్ అను నావానిర్మాత ఇట్టి ప్రయత్నము చేసియుండెను. గాలిని పడవ క్రిందికి పంపుట సులభమే. అది ప్రక్కలనుండి జారిపోకుండ నిలుపుటయే కష్టము. కాకరెల్ చిన్న డబ్బానొకదానిని పెద్ద డబ్బాలో అమర్చెను. ఒకటి పిల్లుల తిండి డబ్బా, రెండవది కాఫీపొడి డబ్బా. రెంటి నడుమనున్న సన్నని సందునుండి గాలిని క్రిందికి ఊదించి, ఆ యొత్తిడిని వంటింటి త్రాసుతో తూచెను. ఒకే గొట్టమునుండి వచ్చు గాలికంటె అంచు వెంబడి వలయముగ వచ్చు గాలి ఎంతో హెచ్చు బరువు నెత్తగలుగుచున్నదని తేలెను. చుట్టును దిగు గాలియే గోడయై లోపలి గాలిని బంధించుచున్నది. ఆ గాలిదిండుపై వాహనము తేలును. 1955 డిసెంబరు 12 వ తేదీన ఆతడు పేటెంటు కొఱకు దరఖాస్తు చేసెను.

అచ్చటినుండి కష్టపరంపర ప్రారంభమాయెను. నౌకాదళమువారికది విమానమువలె కనబడెను. విమానదళమువారికి నావవలె కనబడెను. సైన్యమువారికి దానితో పని లేకపోయెను. అయినను ప్రభుత్వము దానిని రహస్యముల జాబితాలో చేర్చెను. అక్కఱయు లేదు, పరులకు చూపు స్వేచ్ఛయు లేదు. ఇంట ధనము కరగుచుండెను. 1958 లో రహస్యపు ముద్ర తొలగిన పిమ్మట జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ సాయపడగా, సాండర్స్‌రో కంపెనీ తొలి వాహనమును నిర్మించెను. 1959 జూన్ 11 వ తేదీన అది ప్రజల యెదుట తేలినది. జూలై 25 న, బ్లేరియో విమానమున ఇంగ్లీషు ఛానలును దాటిన యేబది యేండ్లకు సరిగ అదే దినమున, అది కలే నుండి డోవరుకు చేరెను. కాకరెల్ లోపల కూర్చుండలేదు. వాహనము వంగకుండుటకై ముందరి బల్లపై నిలచి, తన శరీరమునే బరువుగ అటునిటు జరుపుచు కడలి దాటెను.

అంచున వ్రేలాడు రబ్బరు కుచ్చెళ్లను లాటిమర్ నీడమ్ అను మఱొక ఇంజనీరు చేర్చిన తరువాత, కొన్ని అంగుళముల యెత్తున తేలు వాహనము అలలను చిన్న మెట్టలను కూడ దాటగలిగెను. 1968 లో ఛానలుపై కార్లను మోయు పెద్ద హోవర్‌క్రాఫ్టులు నడచినవి. కాకరెల్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను; 1969 లో సర్ బిరుదమందెను. కాని తన సృష్టిని నడపు సంస్థతో పొసగక 1966 లోనే దానినుండి వైదొలగెను. చేసిన మేలునకు తగిన ప్రతిఫలము కొఱకు చిరకాలము వాదింపవలసి వచ్చెను. పిదప సముద్రపు అలలనుండి విద్యుత్తును తీయు ఉపాయములను వెదకెను. 1999 జూన్ 1 వ తేదీన ఆతడు దివంగతుడయ్యెను. మరుసటి యేట ఛానలుపై పెద్ద హోవర్‌క్రాఫ్టులు ఆగిపోయెను.

అయినను ఆతని ఊహ మరణింపలేదు. తనకు తగిన చోటును వెదకికొనెను. 2002 లో బ్రిటిషు ప్రాణరక్షక సంస్థ మోర్‌కాంబ్ అఖాతపు బురదమేటలకు హోవర్‌క్రాఫ్టును పంపెను. మనిషి కాలు దిగబడు బురదపై అది దిగబడదు. ఏలయన దాని బరువంతయు అడుగుభాగమున సమముగ పరచుకొనును. చిక్కుపడుటకు నీటిలో చక్రము లేదు. ఈ శతాబ్దారంభముననే భారత తీరరక్షక దళమును ఇట్టి వాహనములను చేర్చుకొనెను.

కాకరెల్ మరణించిన సంవత్సరముననే కొల్లేరు అభయారణ్యముగ ప్రకటింపబడెను. ఆ సరస్సునకు ఈ వాహనము సర్వరోగనివారిణి యనుట అసత్యమగును. దాని వెల హెచ్చు, చమురు హెచ్చు, రొద పక్షులకు భయంకరము. ప్రక్కగాలికి దారి తప్పును. మోడులు కుచ్చెళ్లను చీల్చును. చేపలచెరువుల యెత్తయిన గట్లను అది ఎక్కజాలదు. 2024 సెప్టెంబరున బుడమేరు విజయవాడను ముంచినపుడు పడవలును హెలికాప్టరులును తిరిగెను, డ్రోనులు అన్నపు పొట్లములు మోసెను. ఆ నీరే కొల్లేటికి దిగి లంకల దారులను ముంచెను. నీటి దారి మూసిన గట్లున్నంతకాలము ఏ వాహనమైనను సగము మేలే చేయగలదు.

కాని మంచమెక్కిన ముసలివారును నిండుచూలాలును దోనెలో కదలలేని రాత్రి, ఆ సగము మేలే ఒక నిండుప్రాణము. పడవయా విమానమా యని అధికారులు తర్కించుచుండగా మూడేండ్లు గడచినవి. కాకరెల్ ఆ ప్రశ్నతో ప్రారంభింపలేదు. తన పడవ ఏల మందముగ నడచుచున్నదని సరస్సు యొడ్డున నిలచి యోచించెను. కొల్లేటి వరదకు తగిన సాధనమును రూపొందించువారు సైతము మొదట లంకరేవున నిలచి ఆ నీటిని, ఆ బురదను, ఆ గట్టును చూడవలసియున్నది.