నందలాల్ బోసు

చిత్రకారుడనగా కుంచె పట్టి పటములు వ్రాయువాడని మాత్రమే పలువురు తలంతురు. మన్ను పిసుకుట, చెక్క చెక్కుట, గోడకు సున్నము మెత్తుట పనివారి వంతనియు, కళాకారునకు తగదనియు భావించువారు నేటికిని కలరు. ఈ భేదమును తన విద్యాలయమునుండి తొలగింపబూనిన మహనీయుడు నందలాల్ బోసు.

ఆయన 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన బీహారులోని ముంగేరు జిల్లా ఖరగపూరున జన్మించెను. తండ్రి పూర్ణచంద్రుడు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయుటయందు నేర్పరి. తల్లి చేతిపనిని, కుమ్మరులు దేవతావిగ్రహములు మలచు తీరును చూచుచు బాలుడు తానును మట్టిబొమ్మలు చేయ మొదలిడెను.

1898లో నందలాల్ చదువుకొరకు కలకత్తా చేరెను. బంధువులు అతడు పట్టభద్రుడై మంచి ఉద్యోగము సంపాదింపవలెనని కోరిరి. కాని అతని మనస్సు పాఠములపై నిలువలేదు. పరీక్షలలో పలుమారులు తప్పెను. తుదకు 1905లో తాను వ్రాసిన చిత్రములను చేతబట్టుకొని అవనీంద్రనాథ టాగూరు నాశ్రయించెను. ఆయన ఆ పటములను చూచి సంతసించి, ప్రభుత్వ కళాశాలలో శిష్యునిగా చేర్చుకొనెను.

1909లో అజంతా గుహలలోని చిత్రములకు నకళ్లు వ్రాయుటకు వెళ్లినవారిలో నందలాల్ ఒకడు. ఆ గోడలు ఒక్కని చేతిపని కావు. పేరెరుగని పెక్కుమంది కలిసి చేసిన సృష్టి. ఆ దృశ్య మాయన హృదయమున నాటుకొనెను.

రవీంద్రనాథ టాగూరు 1919లో శాంతినికేతనమున కళాభవనమును స్థాపించెను. కొలది కాలమునకే దాని భారము నందలాల్ వహించెను. అచ్చట గురుశిష్యులు ఒక్కచోటనే పని చేయుచుండిరి. చిత్రలేఖనముతోపాటు మట్టిపని, చెక్క అచ్చులు, తోలుపని, నేత, అద్దకము అచ్చట వృద్ధి చెందెను. రవీంద్రుడు 1927లో జావా యాత్ర చేసిన పిమ్మట, మైనముతో బట్టలకు రంగులద్దు బాతిక్ విద్యయు అచ్చటికి వచ్చెను. తడి సున్నపు పూతపై చిత్రములు వ్రాయు పద్ధతిని నేర్పుటకు జయపూరునుండి నరసింగలాల్ అను పనివానిని రప్పించిరి. కళాభవనాధ్యక్షుడయ్యును నందలాల్ ఆ పనివానియొద్ద శిష్యులతోపాటు నేర్చుకొనుటకు సిగ్గుపడలేదు.

1934లో విద్యార్థుల వసతికై ఒక మట్టియిల్లు కట్టనారంభించిరి. వానకు గోడలు కరుగకుండ తారు పూయుటచే దానికి నల్లయిల్లు అను పేరు వచ్చెను. నందలాల్, ఆయన శిష్యుడగు రామకింకర్ బైజ్, విద్యార్థులు కలిసి భార్హుతు శిల్పములను, మొహెంజొదారో ముద్రలను అనుసరించి ఆ గోడలపై బొమ్మలు మలచిరి. పాలరాతికి, కంచునకు ధనము లేని కాలమున రామకింకర్ సిమెంటును, ఎఱ్ఱ గులకరాళ్లను కలిపి 1938లో సంతాలు కుటుంబ శిల్పమును నిర్మించెను. క్రొత్త ప్రయత్నములకు వెనుదీయని ఆ పనిశాలయే అతనికి ఆ ధైర్యము నొసగెను.

అదే సంవత్సరమున హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగెను. గ్రామీణులకు నచ్చునట్లు సభాప్రాంగణమును స్వల్ప వ్యయముతో అలంకరింపవలెనని గాంధీజీ నందలాలును కోరెను. చేతికాగితముపై మట్టిరంగులతో వడ్రంగి, దర్జీ, రైతు, డోలు వాయించువాడు మొదలగువారి చిత్రములను ఆయన కల్పించెను. శిష్యులు, సహచరులు వానికి ప్రతులు వ్రాయగా, ద్వారములు, పందిళ్లు వానితో నిండిపోయెను. బీదపనివాడే ఆ ఉత్సవమునకు అలంకారమయ్యెను.

భారత రాజ్యాంగ మూలప్రతిని అలంకరించు భారము కూడ నందలాలుకే లభించెను. ఆ పనిని ఆయన ఒంటరిగా చేయలేదు, శిష్యులతో పంచుకొనెను. పీఠికాపుటను అలంకరించినది శిష్యుడగు బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా. ఆ పుటలో నేటికిని కనబడునది శిష్యుని సంతకమే గాని గురువుది కాదు.

1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. ఆ యేడే నందలాల్ పదవినుండి విరమించెను. 1954లో ప్రభుత్వ మాయనను పద్మవిభూషణ బిరుదముతో గౌరవించెను. 1966 ఏప్రిలు 16న ఆయన కలకత్తాలో దివంగతుడయ్యెను.

ఆయన జన్మదినమును పురస్కరించుకొని డిసెంబరు తొలి దినములలో కళాభవన విద్యార్థులు 1973 నుండి నందన్ మేళా జరుపుచున్నారు. తమ చేతులతో చేసిన వస్తువులను అందు విక్రయించి, వచ్చిన ధనమును అక్కరగల తోటి విద్యార్థులకు వినియోగింతురు. కలిసి పని చేయుట, ఫలమును పంచుకొనుట అను ఆ గురువు బోధ నేటికిని అచ్చట ఇట్లు నిలిచియున్నది.