ఐదు పౌండ్లు, అర మిల్లీమీటరు చిల్లు

మేరీల్యాండ్‌లోని కొలంబియా మనవాళ్లకు కొత్త ఊరు కాదు. బాల్టిమోర్‌కీ వాషింగ్టన్‌కీ మధ్య, చెరువుల చుట్టూ కట్టుకున్న ఈ ఊళ్లో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. 1996 ఆగస్టులో అదే ఊళ్లో 89 ఏళ్ల ఇంగ్లిష్ పెద్దాయన ఒకరు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన పేరు సర్ ఫ్రాంక్ విటిల్. మనం సెలవులకు హైదరాబాద్ వెళ్లే విమానం రెక్క కింద ఉండే జెట్ ఇంజిన్‌ను ముందుగా లెక్కగట్టి, తయారుచేసి, తిప్పి చూపించిన ఇద్దరిలో ఆయన ఒకరు. రెండో ఆయన జర్మనీకి చెందిన హాన్స్ ఫాన్ ఓహైన్. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ ఒకే పని చేశారు.

బీటెక్‌లో మెకానికల్ చదివి, అమెరికా వచ్చి ఎంఎస్ చేసి, చివరికి సాఫ్ట్‌వేర్‌లో తేలినవాళ్లు మనలో ఎందరో. నేనూ అంతే. చదివిందంతా దాదాపు మరచిపోయినా టర్బైన్ బ్లేడు పాఠం మాత్రం గుర్తుంది. అరచేతిలో పట్టే ఆ చిన్న లోహపు రెక్క దగ్గరే విటిల్ ఎక్కువగా కష్టపడ్డారు. అందుకే ఆయన కథను ఆ బ్లేడు వైపు నుంచి చెప్తాను.

విటిల్ 1907 జూన్ 1న కవెంట్రీలో పుట్టారు. తండ్రి మోజెస్ మెకానిక్. కొన్నాళ్లకు లెమింగ్టన్‌లో వాల్వులు, పిస్టన్ రింగులు చేసే చిన్న వర్క్‌షాపు కొన్నాడు. కుర్రవాడు అక్కడ తండ్రికి చేయి సాయం చేస్తూ, మిగతా సమయమంతా ఊరి లైబ్రరీలో గడిపేవాడు. పదిహేనేళ్ల వయసులో వైమానిక దళంలో అప్రెంటిస్‌గా చేరదామని పరీక్ష రాసి పాసయ్యాడు. వైద్య పరీక్షలో మాత్రం పొట్టివాడని పంపేశారు. అప్పుడు అతని ఎత్తు ఐదు అడుగులు. పట్టుబట్టి వ్యాయామం చేసి, తిండి మార్చుకుని, మూడు అంగుళాలు పెరిగి మళ్లీ వెళ్లాడు. ఒకసారి కాదన్నవాడిని మళ్లీ తీసుకోం అన్నారు. దాంతో అసలు ముందు వెళ్లనే లేదన్నట్టు కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈసారి తీసుకున్నారు.

అప్రెంటిస్‌గా బాగా రాణించడంతో క్రాన్‌వెల్‌లో ఆఫీసరు శిక్షణకు ఎంపికయ్యారు. అక్కడ 1928లో రాసిన వ్యాసంలో ఒక మాట తేల్చి చెప్పారు. చాలా ఎత్తుకు వెళ్తే గాలి పలచబడి విమానానికి అడ్డు తగ్గుతుంది, కానీ ఆ ఎత్తులో పిస్టన్ ఇంజిను, ప్రొపెల్లరు పనికిరావు. మరి ఏది పనికొస్తుంది? మరుసటి ఏడాది జవాబు తట్టింది. ముందున్న కంప్రెసర్ గాలిని పీల్చి నొక్కుతుంది, మధ్యలో ఇంధనం మండుతుంది, ఆ వేడి గాలి వెనకనున్న టర్బైన్‌ను తిప్పుకుంటూ జోరుగా బయటికి దూసుకుపోతుంది. ఆ తోపుతోనే విమానం ముందుకు వెళ్తుంది. కంప్రెసర్‌ను తిప్పేది కూడా ఆ టర్బైనే. అంతే.

ఎయిర్ మినిస్ట్రీకి చూపించారు. అక్కడ టర్బైన్లలో దిట్ట అయిన ఎ.ఎ. గ్రిఫిత్ లెక్కల్లో తప్పు పట్టి, ఇది సాగే పని కాదన్నారు. గ్రిఫిత్‌ది అసూయ అని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. ఆ వేడికీ ఆ వేగానికీ తట్టుకునే లోహం ఆ రోజుకు లేదు, అది నిజం. లోహాలు ఇవాళ ఉన్నట్టే రేపూ ఉండవని 22 ఏళ్ల కుర్రాడు నమ్మాడు. పెద్దాయన నమ్మలేదు.

1930 జనవరిలో విటిల్ సొంతంగా పేటెంటుకు దరఖాస్తు చేశారు. ప్రభుత్వానికి ఆసక్తి లేదు కాబట్టి అది రహస్యం కూడా కాలేదు, అందరూ చదువుకునేలా అచ్చయింది. 1935 జనవరిలో దాన్ని పునరుద్ధరించడానికి ఐదు పౌండ్లు కట్టాల్సి వచ్చింది. ఆయన అప్పటికి కేంబ్రిడ్జిలో చదువుకుంటున్నారు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, జీతం అంతంతమాత్రం. కట్టలేకపోయారు. మినిస్ట్రీ కట్టనంది. పేటెంటు పోయింది.

ఆ వేసవి రాకముందే పాత సహచరుడు రోల్ఫ్ డడ్లీ-విలియమ్స్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయనా, టిన్లింగ్ అనే మరో స్నేహితుడూ పెట్టుబడి వెతికారు. 1936 మార్చిలో పవర్ జెట్స్ అనే చిన్న కంపెనీ పుట్టింది. విటిల్ సర్కారు కొలువులో ఉన్న మనిషి కాబట్టి, ఆ పనికి వారానికి ఆరు గంటలకు మించి వెచ్చించకూడదని షరతు పెట్టారు. పగలు ఉద్యోగం చేసి రాత్రిళ్లు స్టార్టప్ నడిపేవాళ్లకు ఆ షరతు ఎంతవరకు అమలయి ఉంటుందో చెప్పక్కర్లేదు.

1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణంలోని ఫ్యాక్టరీలో ఇంజిన్ మొదటిసారి తిరిగింది. తిరగడమే కాదు, ఆగనని మొండికేసింది. ఇంధనం వాల్వు కట్టేసినా వేగం పెరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు పరుగో పరుగు. విటిల్ మాత్రం కదల్లేదు. అడుగున చేరిన ఇంధనం మండుతోందని తరువాత తేలింది. ఇంధనాన్ని సరిగా మండించడానికే మూడేళ్లు పట్టింది. అది కుదిరాక టర్బైన్ బ్లేడ్ల గొడవ మొదలైంది.

ఆ బ్లేడు పరిస్థితి ఊహించండి. ఇంజిన్ నిమిషానికి 16,000 సార్లకు పైగా తిరుగుతోంది. ఆ సుడిలో ఒక్కో బ్లేడును దాని బరువుకు పదుల వేల రెట్ల బలం బయటికి లాగుతుంది. పైగా అది ఎర్రగా కాలి ఉంది. కాలిన ఉక్కు ఆ లాగుడుకు గంట గంటకూ కొంచెం కొంచెం సాగుతుంది, చివరికి తెగుతుంది. ఒక్క బ్లేడు తెగితే మిగతావన్నీ దాంతో పోతాయి. అలా ఇంజిన్లు పోయాయి. బ్లేడును డిస్కులో బిగించే చోట ఫర్ చెట్టు కొమ్మల్లా మెట్లు మెట్లుగా ఉండే వేరును విటిల్ వాడారు. ఇవాళ్టి ఇంజిన్లలోనూ అదే పద్ధతి. డిస్కును మొదట నీటితో, తరువాత గాలితో చల్లబరిచారు. ఉక్కు మార్చి మరో ఉక్కు, ఆ తరువాత నిమోనిక్ 80 అనే నికెల్ మిశ్రమం వచ్చాక బ్లేడు కాస్త నిలబడింది.

1941 మే 15 సాయంత్రం క్రాన్‌వెల్ మైదానం నుంచి గ్లోస్టర్ విమానం విటిల్ ఇంజిన్‌తో లేచి 17 నిమిషాలు ఎగిరింది. జర్మనీలో ఫాన్ ఓహైన్ ఇంజిన్ 1939 ఆగస్టులోనే ఎగిరిపోయింది, కానీ అది ఇంగ్లండ్‌లో వీళ్లకు తెలియదు. అదే ఏడాది అక్టోబరులో విటిల్ ఇంజిన్ ఒకటి బాంబర్ విమానంలో అమెరికా చేరి, మసాచుసెట్స్‌లోని లిన్‌లో జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీకి వెళ్లింది. అమెరికా జెట్ ఇంజిన్ల వంశం అక్కడి నుంచే మొదలు.

విటిల్ కొత్త లోహం కోసం వెతుకుతుంటే, యుద్ధంలో నికెల్ దొరకని జర్మన్లు మరో దారి పట్టారు. బ్లేడును బోలుగా చేసి లోపలికి గాలి పంపారు. వాళ్ల యూమో ఇంజిన్ ఆయుష్షు పాతిక గంటల లోపే. అయినా ఆలోచన మాత్రం నిలిచింది. నేటి ఇంజిన్‌లో రెండు దారులూ కలిశాయి. బ్లేడుకు వాడే నికెల్ మిశ్రమం దాదాపు 1,350 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని మీదుగా వెళ్లే వాయువు 1,600 డిగ్రీల దాకా ఉంటుంది. కరగకుండా నిలబెడుతున్నది బ్లేడు ఒంటి నిండా ఉన్న సన్నని చిల్లులు. ఒక్కోటి సుమారు అర మిల్లీమీటరు. కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలి లోపలి గదుల్లో తిరిగి వీటిలోంచి బయటికొచ్చి, బ్లేడు మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఈ చల్లని గాలి కూడా 600 డిగ్రీలు ఉండొచ్చు. చల్లదనం అనేది పోల్చుకుని చెప్పే మాటే కదా.

అయితే చిల్లు గుండ్రంగా ఉంటే చిక్కుంది. ట్యూబుతో వాకిట్లో నీళ్లు కొడితే ధార ఎగిరి దూరంగా పడుతుంది. వెడల్పు మూతి గిన్నెతో మెల్లగా ఒంపితే నేలను అంటిపెట్టుకుని పరుచుకుంటుంది. గాలీ అంతే. గుండ్రటి చిల్లులోంచి వచ్చిన గాలి పైకి లేస్తే, దాని కిందికి నిప్పులాంటి వాయువు దూరుతుంది. చిల్లు మూతిని సన్నాయి చివరలా విప్పితే గాలి వేగం తగ్గి, బ్లేడుకు అతుక్కుని పోతుంది. గోల్డ్‌స్టీన్, ఎకెర్ట్, బర్గ్రాఫ్ 1974లో దీన్ని కొలిచి చూపించారు.

సరే, ఆ ఆకారం చెక్కడం ఎలా? వంపు తిరిగిన ఉపరితలం మీద, ముప్పై డిగ్రీల వాలుగా, ఉక్కు కంటే మొండి లోహంలో మామూలు డ్రిల్లు జారిపోతుంది, లేదా విరుగుతుంది. ఇక్కడ పనికొచ్చింది నిప్పురవ్వ. విటిల్ బ్లేడ్లతో కుస్తీ పడుతున్న కాలంలోనే, 1943లో, మాస్కోలో బోరిస్, నటాలియా లజరెంకో అనే దంపతులు స్విచ్చుల కొసలు స్పార్కుకు ఎందుకు అరిగిపోతాయో పరిశోధిస్తున్నారు. ఆ అరుగుదలను ఆపలేకపోయారు. ఆపలేకపోతే పోనీ, దాన్నే పనిముట్టుగా వాడుకుందామనుకున్నారు. రాగి లాంటి లోహపు కడ్డీని నూనెలో లేదా శుద్ధి చేసిన నీటిలో, తాకీ తాకనంత దగ్గరగా పెట్టి కరెంటు ఇస్తే, స్పార్కులు బ్లేడును రవ్వ రవ్వగా కరిగించి తొలుస్తాయి. లోహం ఎంత మొండిదైనా ఫరవాలేదు. కడ్డీకి ఏ ఆకారం ఇస్తే చిల్లుకు అదే ఆకారం. దువ్వెన పళ్లలా వరసగా కడ్డీలు పెట్టి ఒకేసారి బోలెడు చిల్లులు వేస్తారు.

చెప్పినంత తేలిక కాదు. స్పార్కుతో పాటు కడ్డీ కూడా అరుగుతుంది, ఆ లెక్క చూసుకోవాలి. కరిగిన లోహం చిల్లు గోడ మీదే మళ్లీ గడ్డకడితే, ఆ పెళుసు పొరలో పగులు మొదలవుతుంది. లేజర్‌తో తొలిస్తే పని వేగంగా అవుతుంది గానీ, కిరణం ఒక గోడ దాటి ఎదుటి గోడను కాల్చేయగలదు. అందుకని బ్లేడు కడుపులో మైనం లాంటిది నింపి మరీ కొడతారు. వేడి తగలకుండా పైన పూసే పింగాణీ పూతకు కరెంటు పారదు, కాబట్టి దాని మీద స్పార్కు పనిచేయదు. ముందే చిల్లు వేసి తరువాత పూత పూస్తే మూతి పూడుకుపోతుంది. చివరికి ప్రతి బ్లేడులోనూ గాలి ఊది ఎంత పారుతుందో కొలుస్తారు. చిల్లు పెద్దదైతే గాలీ ఇంధనమూ వృథా, చిన్నదైతే బ్లేడు మాడుతుంది. మా సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తాం. ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తులో తిరుగుతున్న బ్లేడుకు ప్యాచ్ ఎక్కడ వేస్తాం! ఇలాంటి బ్లేడ్ల పోత పనిలో మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ శాస్త్రవేత్తలూ ఏళ్ల తరబడి శ్రమించారు.

మళ్లీ విటిల్ దగ్గరికి వద్దాం. యుద్ధం ముగిసేసరికి ఆయన ఒళ్లు గుల్లయింది. విపరీతంగా సిగరెట్లు, మెలకువగా ఉండటానికి మాత్రలు, నిద్రకు మళ్లీ మాత్రలు. నరాలు దెబ్బతిని ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. జెట్ ఇంజిన్ పరిశ్రమ మొత్తాన్ని జాతీయం చేయాలని అప్పట్లో ఆయనే సూచించారు. మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ సూచన విన్నారు, అయితే 1944లో జాతీయం చేసింది ఒక్క పవర్ జెట్స్‌నే! పెద్ద కంపెనీలు పెద్ద కంపెనీలుగానే ఉండిపోయాయి. విటిల్ తన వాటాలు అప్పగించేశారు, చేతికొచ్చింది పది వేల పౌండ్లు. పరిశోధన తప్ప ఇంజిన్లు తయారు చేయకూడదని ఆ సంస్థకు గీత గీస్తే 1946లో బోర్డు నుంచి తప్పుకున్నారు. 1948లో లక్ష పౌండ్ల పారితోషికం, సర్ బిరుదు వచ్చాయి. అప్పటికి ఆయన వయసు 41. జెట్ ఇంజిన్ల తయారీలో ఆయనకంటూ ఒక చోటు ఆ తరువాత లేకుండా పోయింది. ఇది నాకు ఆ ఐదు పౌండ్ల కంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

1976లో, 69 ఏళ్ల వయసులో, అమెరికా వచ్చేశారు. మన అమ్మానాన్నలు మనవలను చూసుకోవడానికి వచ్చే వయసు అది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని, అనాపోలిస్‌లోని నేవల్ అకాడమీలో పాఠాలు చెప్పారు. ఫాన్ ఓహైన్ యుద్ధం ముగిశాక 1947లోనే ఇక్కడికి వచ్చి ఒహాయోలో స్థిరపడ్డారు. ఒకప్పుడు శత్రు దేశాల్లో ఒకే ఇంజిన్ కట్టిన ఇద్దరూ ఇక్కడ స్నేహితులయ్యారు. 1991లో డ్రేపర్ ప్రైజును కలిసి అందుకున్నారు.

విటిల్‌ను అమెరికాలోనే దహనం చేశారు. చితాభస్మాన్ని విమానంలో ఇంగ్లండ్ తీసుకెళ్లి క్రాన్‌వెల్ చర్చిలో ఉంచారు. ఆయన ఇంజిన్ మొదటిసారి గాలిలోకి లేచిన మైదానం అక్కడికి దగ్గరే.