కాకినాడ చేరిన హాల్డేన్

జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఇంగ్లండులో పుట్టారు. చెల్లెలు నవోమి, మిత్రుడు స్ప్రంట్‌లతో కలిసి చిట్టెలుకలను పెంచి, కొన్ని జన్యువులు జంటగా పిల్లలకు వస్తాయని 1915లో చూపారు. ఆ ఏడాదే స్ప్రంట్ యుద్ధంలో మరణించారు. హాల్డేన్ పరిశోధన మానలేదు. మనుషుల్లో వర్ణాంధత్వం, హీమోఫీలియా జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌పై దగ్గరగా ఉంటాయని 1937లో జూలియా బెల్‌తో కలిసి తేల్చారు.

ఎలుక ఎక్స్ క్రోమోజోమ్‌పైనా చాలావరకు మన జన్యువులే ఉన్నాయని, వరుస మారిందని తర్వాతివారు కనుగొన్నారు. బదిలీ అయినప్పుడు మన ఇళ్లలోనూ అంతే కదా! సామాన్లు అవే, సర్దిన చోట్లు వేరు.

హాల్డేన్ 1957లో కలకత్తా వచ్చారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మరణించాక కూడా విద్యార్థులకు పాఠమయ్యారు.